బేస్ బాక్సులో చిటపట: రోగం ట్వీటర్‌దేనా?

సికింద్రాబాద్‌లో మేం వాయించే చర్చిలో ఆదివారం ఆరాధనకి అరగంట ముందు సౌండ్ చెక్ నడుస్తోంది. బేస్ గిటార్ తీగ కాస్త గట్టిగా మీటితే చాలు, స్పీకర్ బాక్సు పైభాగం నుంచి తాళింపులో ఆవాలు వేసినట్టు చిటపట. కొత్తగా బేస్ నేర్చుకుంటున్న కుర్రాడు బాక్సు దగ్గర వంగి, చెవి ఆనించి విని, "అన్నా, ట్వీటర్ పోయింది. రేపు కోఠీ వెళ్ళి కొత్తది తెచ్చేద్దామా?" అన్నాడు.

వాడి చెవి తప్పు చెప్పలేదు. శబ్దం ట్వీటర్‌లోంచే, అంటే పైస్థాయి శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌లోంచే వస్తోంది. కానీ శబ్దం బయటికి వచ్చిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. ఒంట్లో ఏ మూల నొప్పి ఉన్నా మూలిగేది నోరే, అంతమాత్రాన నోటికి మందు వేయం కదా. బేస్ బాక్సులో ట్వీటర్ పని సరిగ్గా అలాంటిది. ఈ సంగతి తెలియక కొన్నేళ్ళ కిందట నేను ఒకే బాక్సుకి ముందు డయాఫ్రమ్ (ట్వీటర్‌లో అదిరి శబ్దం పుట్టించే పలచటి పొర), తర్వాత మొత్తం ట్వీటరే మార్పించాను. రెండుసార్లూ చిటపట అలాగే ఉంది. అసలు తప్పు ఎక్కడుందో తర్వాత చెబుతాను. ముందు ఆ చిన్న యూనిట్ అక్కడ ఎందుకుందో చూడాలి.

నాలుగు తీగల బేస్ గిటార్‌లో లావు తీగ ఖాళీగా మీటితే పుట్టే స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఐదో తీగ ఉంటే 31 వరకు దిగుతుంది. సన్న తీగ ఖాళీగా 98. దాన్నే 24వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది లోహపు గీత) దగ్గర నొక్కినా 392 దాటదు. మరి వేల హెర్ట్జ్ పలికే ట్వీటర్‌తో ఏం పని? స్వరం ఒక్కటే రాదు. దానితో పాటు దానికి రెండింతలు, మూడింతలు, పదింతల అనుస్వరాలు కూడా వస్తాయి. వేలు తీగని గీరడం, తీగ ఫ్రెట్‌కి తగలడం, స్లాప్ వాయింపులో బొటనవేలి దెబ్బ, ఇవన్నీ రెండు మూడు వేల హెర్ట్జ్ పైన బతుకుతాయి. 1969లో వచ్చిన ఆంపెగ్ కంపెనీ ఎస్‌విటి ఆంప్‌తో (ఆంప్లిఫయర్‌తో) పాటు అమ్మిన ఎనిమిది స్పీకర్ల బాక్సులో ట్వీటరే లేదు. అప్పటి రాక్ సంగీతానికి ఆ గుమ్మనే మోత చాలింది. అమెరికన్ బేస్ వాద్యకారుడు ల్యారీ గ్రాహం లాంటివాళ్ళ స్లాప్ వాయింపు జనంలోకి వెళ్ళాక ఆ 'టక్కు' వినిపించాలన్న కోరిక పెరిగింది. దానితో పాటే బేస్ బాక్సుల్లోకి హార్న్ (గరాటు మూతి ఉన్న ట్వీటర్) వచ్చి చేరింది.

లోపలికొచ్చిన సిగ్నల్‌ని పంచే సర్క్యూట్ పేరు క్రాసోవర్. మన మెకానిక్‌లు నెట్‌వర్క్ అంటారు. ట్వీటర్ దారిలో ఒక కెపాసిటర్ (బజారులో కండెన్సర్ అనే అడుగుతారు) వరసగా కూర్చుంటుంది. అది కింది స్వరాలని ఆపి పైవాటిని వదులుతుంది. ఎనిమిది ఓమ్‌ల ట్వీటర్ ముందు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే దాదాపు 4,200 హెర్ట్జ్ దగ్గర గేటు పడుతుంది. ఈ గేటు కాపలాదారుకి తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే. వచ్చింది సంగీతమా, గిటార్ జాక్‌లో పుట్టిన గరగరా అని అడగదు. అసలు చిటపట అంటేనే పైస్థాయి శబ్దం. అది గిటార్‌లో పుట్టినా, కేబుల్‌లో పుట్టినా, ఆంప్‌లో పుట్టినా చివరికి ట్వీటర్ నోటి నుంచే వస్తుంది.

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. బాక్సు వెనక ట్వీటర్ లెవెల్ నాబ్ ఉంటుంది. దాన్ని సున్నాకి తిప్పితే చిటపట మాయమవుతుంది. వెంటనే 'అదిగో, ట్వీటరే దొంగ' అని తేల్చేస్తారు. ఈ పరీక్ష దేన్నీ రుజువు చేయదు. గిటార్‌లో పుట్టిన గరగర అయినా ట్వీటర్ నోరు మూస్తే వినిపించడం ఆగుతుంది. నాబ్ సున్నాలో పెట్టినా చిటపట తగ్గకపోతే మాత్రం ఒక విషయం తెలుస్తుంది. అప్పుడు చూడాల్సింది ట్వీటర్‌ని కాదు, పెద్ద స్పీకర్లని.

సరైన మొదటి ప్రశ్న వేరే ఉంది: చిటపట బాక్సులోపల పుడుతోందా, బాక్సుదాకా వచ్చేలోపే పుడుతోందా? ఇది తేల్చడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఆంప్‌కి హెడ్‌ఫోన్ జాక్ ఉంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాట, అదే గట్టిదనంతో వాయించండి. చిటపట అందులోనూ వినిపిస్తే బాక్సు నిర్దోషి. ఆ తర్వాత గిటార్ కేబుల్ తీసేసి, ఫోన్‌లోంచి మీకు బాగా తెలిసిన పాటని ఆంప్ ఆక్స్ రంధ్రంలోకి (గిటార్ గుచ్చే జాక్‌లోకి కాదు) ఇవ్వండి. పాట శుభ్రంగా వినిపించి గిటార్ మాత్రమే చిటపటలాడితే తప్పు గిటార్, దాని కేబుల్, పెడల్స్ (శబ్దం తీరు మార్చే చిన్న పెట్టెలు), లేదా ఆంప్ ముందుభాగంలో ఉన్నట్టు. పాట కూడా చిటపటలాడితే అప్పుడు ఆంప్ వెనకభాగమూ బాక్సూ మిగులుతాయి. ఇంకో బాక్సు అరువు దొరికితే అసలు గొడవే లేదు, మార్చి చూడటమే. ఒక్క షరతు. ఆ రెండో బాక్సులో కూడా ట్వీటర్ ఉండాలి. లేకపోతే చిటపట వినిపించక, ఏ పాపం చేయని మొదటి బాక్సు మీద నింద పడుతుంది.

ఆ ఆదివారం మాకు హెడ్‌ఫోన్స్‌లో కూడా వినిపించింది. కేబుల్ మార్చాం, గిటార్ మార్చాం, తేడా లేదు. అప్పుడు ఆంప్ వెనక్కి వెళ్ళి ఎఫెక్ట్స్ లూప్ (పెడల్స్‌ని ఆంప్ మధ్యలో కలిపే దారి) చూశాం. అక్కడ సెండ్, రిటర్న్ అని రెండు రంధ్రాలుంటాయి. వాటిలో ఏమీ గుచ్చకపోతే చాలా ఆంప్‌లలో రిటర్న్ జాక్ లోపల ఒక చిన్న రేకు ఇంకో రేకుకి తాకుతూ సిగ్నల్‌ని ముందుకి పంపుతుంది. ఆ జాక్ ఏళ్ళ తరబడి ఎవరూ వాడరు. మన వానాకాలపు తేమ, నగరం దుమ్ము ఆ రేకుల మధ్య చేరి పొరలా పడతాయి. తాకిడి సరిగ్గా లేక స్వరం ముక్కలవుతుంది, ముక్కలైన చోటల్లా చిటుకుమంటుంది. ఒక చిన్న కేబుల్ తీసుకుని సెండ్ నుంచి రిటర్న్‌కి గుచ్చితే ఆ పాత రేకుల దారి పక్కకి పోతుంది. గుచ్చాం. తాళింపు ఆగింది. కుర్రాడు నా మొహం చూశాడు, ఆంప్ చూశాడు, మళ్ళీ తీగ మీటాడు.

గిటార్ వైపు వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి. యాక్టివ్ బేస్ అయితే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది తగ్గుతున్నప్పుడు మెల్లగా వాయిస్తే బాగానే ఉంటుంది, గట్టిగా కొట్టిన స్వరాలు మాత్రమే చిట్లుతాయి. జాక్ గుచ్చి ఉంచినంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని చాలామందికి తెలియదు, రాత్రంతా కేబుల్‌తో స్టాండ్‌కి వదిలేస్తారు. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడే గరగరమంటే అది నాబ్ లోపలి దుమ్ము. జాక్‌ని కదిపితే మారితే జాక్. ఇంకొకటి, చాలా ముఖ్యమైనది: తీగలు ఫ్రెట్‌లకి కొట్టుకోవడం. కొత్త స్టీల్ తీగలు వేసి, ట్రెబుల్ పెంచి, కంప్రెసర్ (చిన్న, పెద్ద శబ్దాల తేడా తగ్గించే పరికరం) పెడితే ఆ కొట్టుకుడు ట్వీటర్‌లో అచ్చం చిటపటలాగే వినిపిస్తుంది. ఇది చెడిపోవడం కాదు. ఆంప్ ఆపేసి, గిటార్ కొమ్ముకి చెవి ఆనించి అదే చోట వాయించి వినండి. చెక్కలోనే వినిపిస్తే తీగల ఎత్తు సరిచేసుకోవాలి.

తర్వాతది క్లిప్పింగ్. దీని గురించి సౌండ్ వాళ్ళ మధ్య వాదనలు ఎక్కువ కాబట్టి కాస్త నిలబడి చూద్దాం. ఆంప్ ఇవ్వగలిగిన వోల్టేజీకి ఒక హద్దు ఉంది. అంతకు మించి అడిగితే అల తల నరికేసినట్టు చదునవుతుంది. గుండ్రటి అలలో లేని కొత్త ఫ్రీక్వెన్సీలు ఆ చదునులోంచి పుడతాయి. 100 హెర్ట్జ్ స్వరం వాయిస్తే 300, 500, 700 అంటూ వేలదాకా పిల్లలు పుట్టుకొస్తాయి. క్రాసోవర్ వాటిని బుద్ధిగా ట్వీటర్‌కి పంపుతుంది. మామూలుగా కొద్దిపాటి వాట్లు మాత్రమే చూసే ట్వీటర్ మీద ఒక్కసారిగా భారం పడుతుంది. 'చిన్న ఆంప్ పెడితే ట్వీటర్ కాలిపోతుంది' అని మనవాళ్ళు చెప్పేది ఇందువల్లే. కాలేది ఆంప్ చిన్నదైనందుకు కాదు, దాన్ని హద్దు దాటించి మోగించినందుకు. పెద్ద ఆంప్‌నైనా హద్దు దాటిస్తే ఇంకా త్వరగా కాలుస్తుంది. గుర్తు పట్టడం తేలిక: వాల్యూమ్ సగం చేస్తే చిటపట పూర్తిగా పోయి స్వరం నున్నగా వస్తే ముందు క్లిప్పింగ్‌నే అనుమానించాలి. ఆంప్ మీద ఎర్ర లైటు వెలుగుతోందేమో చూడండి. ముందు గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) తగ్గించండి, తర్వాత మాస్టర్ (మొత్తం వాల్యూమ్ నాబ్) సంగతి.

అన్నీ దాటి తప్పు బాక్సులోనే అని తేలిందనుకుందాం. అప్పుడు కూడా ట్వీటర్ చివరి అనుమానితుడే. ముందు ఆంప్‌కీ బాక్సుకీ మధ్య కేబుల్ చూడాలి. అది స్పీకర్ కేబులేనా? గిటార్‌కి వాడే సన్నటి షీల్డ్ కేబుల్‌ని అక్కడ గుచ్చేవాళ్ళని చాలామందిని చూశాను, రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. స్పీకర్‌కి పోయే కరెంటుని ఆ సన్న తీగ మోయలేదు. స్పీకాన్ కనెక్టర్ అయితే తిప్పి లాక్ పడిందో లేదో చూడండి. ట్యూబ్ ఆంప్ అయితే కేబుల్ పీకే ముందు తప్పకుండా ఆపేయాలి. బాక్సు లేకుండా మోగిస్తే దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ప్రమాదం.

ఆ తర్వాత ట్వీటర్ లెవెల్ నాబ్. దీన్ని ఎల్-ప్యాడ్ అంటారు. లోపల చుట్టిన తీగ మీద ఒక లోహపు వేలు జారుతూ ఉంటుంది. మనం ఏళ్ళ తరబడి దాన్ని ఒకేచోట వదిలేస్తాం, ఆ చోట మకిలి పేరుకుంటుంది. ఆంప్ ఆపేసి నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై ముప్పై సార్లు తిప్పండి. నా అనుభవంలో ఖర్చు లేకుండా ఎక్కువ బాక్సులు బాగైంది ఈ ఒక్క పనితోనే. కొంచెం తగ్గి మళ్ళీ మొదలైతే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే లోపలికి కొట్టి మళ్ళీ తిప్పాలి. తలుపు బందులకి కొట్టే నూనె స్ప్రే కాదు, అది జిడ్డు మిగిల్చి దుమ్ముని పిలుస్తుంది.

ఇక నా పాత బాక్సు కథ. రెండు పది అంగుళాల స్పీకర్లు, మధ్యలో హార్న్. ట్రాలీ ఆటోలో సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలిదాకా గుంతల్లో ఎగిరి దిగిన బాక్సు. కొత్త ట్వీటర్ వేసినా చిటపట పోలేదు. అప్పుడు ఒక పెద్దాయన చెప్పిన చిట్కా చేశాను. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి 5,000 హెర్ట్జ్ స్వరాన్ని చాలా చిన్న వాల్యూమ్‌లో వదిలి, బాక్సు పక్కన పిడికిలితో కొట్టి చూడటం. లోపల అన్నీ గట్టిగా ఉంటే ఆ ఈల గీత గీసినట్టు ఉండాలి. నాది కొట్టినప్పుడల్లా వణికి, తెగి, మళ్ళీ అందుకుంది. తర్వాత 100 హెర్ట్జ్ వదిలాను. ఆ స్వరం ట్వీటర్‌దాకా పోయే పనే లేదు, పెద్ద స్పీకర్లు మాత్రమే బాక్సుని అదరగొడతాయి. అయినా హార్న్‌లో చిటచిట. అంటే అదురుకి లోపల ఏదో ఊడి తగులుకుంటోంది.

ఒక స్పీకర్ విప్పి పక్కన పెట్టి, టార్చ్ వేసి క్రాసోవర్ బోర్డుని చూశాను. పైనుంచి అంతా బాగుంది. బోర్డు విప్పి తిప్పితే, పెద్ద కెపాసిటర్ కాలు బోర్డులోంచి బయటికొచ్చిన చోట టంకం మెరుస్తూనే ఉంది, కానీ కాలు చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్లని వలయం. గోరింటాకు పెట్టిన వేలికి గోరు చుట్టూ కనిపించే గీతలా ఉంది. ఈల నడుస్తుండగా ఐస్‌క్రీం పుల్లతో కెపాసిటర్‌ని తాకితే చాలు, హార్న్ చిటపటలాడింది. దాన్నే డ్రై సోల్డర్ అంటారు. బరువైన కెపాసిటర్‌ని రెండు సన్నటి కాళ్ళ మీద నిలబెట్టి, జిగురు పెట్టకుండా వదిలేశారు. ప్రతి స్వరానికీ అది తల ఊపి ఊపి కాలి దగ్గర టంకాన్ని పగలగొట్టింది. పాత టంకం పీల్చేసి కొత్తది వేసి, కెపాసిటర్ ఒంటికి వేడి జిగురు అద్దాను. అంతే. నేను పారేసిన డయాఫ్రమ్‌లో ఏ తప్పూ లేదు.

లోపల చూస్తున్నప్పుడే మిగతావీ చూసుకోవాలి. ట్వీటర్‌కి తొడిగే రేకు కనెక్టర్లు అదురుకి వదులవుతాయి. వాటిని లాగి, ప్లయర్‌తో కాస్త నొక్కి మళ్ళీ తొడగాలి. కొన్ని బాక్సుల్లో ట్వీటర్‌కి వరసగా చిన్న బల్బు ఉంటుంది. భారం పెరిగితే బల్బు వెలిగి, దాని రెసిస్టెన్స్ పెరిగి, ట్వీటర్‌ని కాపాడుతుంది. ఆ బల్బు తన క్లిప్పులో వదులైనా చిటపటే. బల్బు పోతే ట్వీటర్ పూర్తిగా మూగబోతుంది, అప్పుడు కూడా పాపం ట్వీటర్‌నే మారుస్తారు.

అన్నీ సరిగ్గా ఉన్నప్పుడే ట్వీటర్ వంతు. అది ఏ రకమో ముందు తెలుసుకోవాలి. చవక బాక్సుల్లో పీజో ఉంటుంది. దానిలో అయస్కాంతం, కాయిల్ ఉండవు, కరెంటు తగిలితే వంగే స్ఫటికపు బిళ్ళ ఉంటుంది. మల్టీమీటర్‌తో ఓమ్స్ చూస్తే ఏమీ చూపించదు, అది దాని స్వభావం, చచ్చినట్టు కాదు. బిళ్ళ పగిలితే మాత్రం గరగర మొదలవుతుంది, బాగుచేయడం కుదరదు, మార్చాల్సిందే. కాయిల్ ఉన్న డ్రైవర్ యూనిట్ అయితే తీగలు విప్పి నేరుగా దాని కాళ్ళ మీదే కొలవాలి. ఎనిమిది ఓమ్‌ల యూనిట్ సాధారణంగా ఐదు నుంచి ఏడు మధ్య చూపిస్తుంది. బాక్సు జాక్ దగ్గర కొలిస్తే లాభం లేదు. మీటర్ ఇచ్చేది డీసీ, కెపాసిటర్ దాన్ని దాటనివ్వదు, పెద్ద స్పీకర్లే కనిపిస్తాయి. మీటర్ పట్టుకుని యూనిట్‌ని మెల్లగా తట్టండి. అంకె ఎగిరి దూకుతుంటే కాయిల్ నుంచి వచ్చే సన్న తీగ తెగీ తెగనట్టు ఉంది. అంకె స్థిరంగా ఉన్నా ఏదో ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రం బరబరమంటే కాయిల్ అయస్కాంతపు సందులో రాసుకుంటోంది, లేదా సందులో చెత్త ఉంది.

ఈ రెండు సందర్భాల్లో డయాఫ్రమ్ నిజంగానే మార్చాలి. పని కష్టం కాదు, ఓపిక కావాలి. వెనక మూత విప్పితే డయాఫ్రమ్‌ని పట్టుకున్న చిన్న స్క్రూలు కనిపిస్తాయి. అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని లాక్కుంటుంది, చేయి జారితే కొత్త డయాఫ్రమ్ చిల్లు పడుతుంది. గుండ్రటి సందులో ఇనుప రజను ఉంటుంది. ఊదితే పోదు. రెండువైపులా జిగురు ఉండేలా మాస్కింగ్ టేప్‌ని మడిచి సందులో తిప్పితే నల్లగా అంటుకుని వస్తుంది, టేప్ తెల్లగా వచ్చేవరకు తిప్పాలి. ఎర్ర గుర్తు ఉన్న కాలు ఎటు ఉందో ముందే ఫోటో తీసుకోండి. స్క్రూలు పూర్తిగా బిగించే ముందు చిన్న వాల్యూమ్‌లో ఈల వదిలి, డయాఫ్రమ్‌ని అటూ ఇటూ కాస్త జరిపి, నున్నగా పలికిన చోట బిగించాలి.

కోఠీ గుజరాతీ గల్లీలో ఈ పనిలో చేయి తిరిగినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. అయితే వాళ్ళ బల్ల మీదికి వినాయక చవితి, పెళ్ళి బరాత్‌ల సీజన్‌లో వచ్చే యూనిట్లలో ఎక్కువ భాగం నిజంగానే కాలినవి. రోజంతా కాలిన డయాఫ్రమ్‌లు చూసే మనిషి మీ యూనిట్‌ని చూసి "డయాఫ్రమ్ పోయింది" అనడం సహజం. పైగా మీరు తీసుకెళ్ళేది ట్వీటర్ ఒక్కటే. బాక్సూ, ఆంపూ, గిటారూ ఇంట్లోనే ఉన్నాయి. ట్వీటర్ మాత్రమే చేతికిస్తే ఆయన ఇంకేం చెప్పగలడు? అందుకే నేను ఇప్పుడు 'చిటపట వస్తోంది' అని అడగను. 'హెడ్‌ఫోన్స్‌లో రావట్లేదు, వాల్యూమ్ తగ్గించినా పోవట్లేదు, బాక్సు కొడితే ఎక్కువవుతోంది' అని చెబుతాను. ఆ మాట వినగానే ఆయన ట్వీటర్ వంక చూడడం మానేసి నెట్‌వర్క్ తీసుకురమ్మంటాడు.

చర్చి ఆంప్ వెనక ఆ చిన్న కేబుల్ ఇంకా సెండ్ నుంచి రిటర్న్‌కి వేలాడుతోంది. కొత్త జాక్ కొని పెట్టాం, శనివారం ప్రాక్టీస్ అయ్యాక కుర్రాడే టంకం వేస్తానన్నాడు.